ఏడో వీధి చివరి కరకట్ట

"బురదనీళ్లు ఊరితే నాకు కబురు పెట్టండి. తేటనీళ్లయితే మీ పని మీరు చూసుకోండి" అని సిటీ ఇంజనీరు చెప్పిన మాట నాలుగు రోజుల్లో నది పక్కన పల్లంలో అందరికీ కంఠతా వచ్చేసింది. కరకట్ట వెనకాల ఎక్కడ చెమ్మ కనబడినా ఆడవాళ్లు గాజుగ్లాసు తీసుకుపోయి ముంచి, వెలుతురుకు పెట్టి చూసేవాళ్లు. తేటగా ఉంటే నవ్వుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లు. ఏప్రిల్ మూడోవారం. ఎగువన మంచు ఒక్కసారిగా కరిగి మిసిసిపీ ఎవరూ ఎరగనంత ఎత్తుకు వచ్చి నిలబడింది. నిలబడి పది రోజులైనా తగ్గే సూచన లేదు.

ఆ మంగళవారం పొద్దున ఆల్వీనా రోడర్ కూడా గ్లాసు పట్టుకునే బయల్దేరింది. అరవై ఒక్కేళ్ల మనిషి. చర్చి వంటగదిలో కట్టమీది మగవాళ్ల కోసం నూట ఎనభై శాండ్‌విచ్‌లు కాగితాల్లో చుట్టి ఇంటికి పోతూ ఏడో వీధి చివర ఆగింది. అక్కడ కట్ట వెనక కాలవలో పిడికెడంత నీటిబుగ్గ ఒకటి లేచింది. గ్లాసు ముంచి పైకెత్తింది. నీళ్లు బావినీళ్లలా తేటగా ఉన్నాయి. అడుగున మాత్రం గోరంత తెల్లటి నలుసులు నాలుగైదు దిగాయి. ప్రతి నలుసుకూ ఒక అంచు గుండ్రంగా తెగి ఉంది.

అవేమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. పద్నాలుగో ఏట నుంచి ముప్ఫై ఏళ్లు గుండీల ఫ్యాక్టరీలో ఆల్చిప్పలు ఏరిన చేతులవి.

హార్లో బెండ్ ఊరికి తిండి పెట్టింది ఆ ఆల్చిప్పలే. నదిలోంచి తోడి, ఉడికించి మాంసం తీసేసి, గొట్టపు రంపాలతో బిళ్లలు కోసి చొక్కాల గుండీలు చేసేవాళ్లు. బిళ్లలు పోగా మిగిలిన చిల్లుల చిప్పలు ఫ్యాక్టరీల వెనక కొండల్లా పడుండేవి. ఊరికే దొరికేవి, ఎంత వాననీరైనా ఇట్టే దిగిపోనిచ్చేవి. అందుకని ఊరివాళ్లు సందులకూ అవే పోశారు, కోళ్లదొడ్లకూ అవే, ఇంటి పునాదులకూ అవే. పల్లంలో కాలికింద కరకరలాడని చోటు లేదు. తర్వాత ప్లాస్టిక్ గుండీ వచ్చింది. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతబడి, పదిహేను వేల ఊరు ఎనిమిది వేలకు వచ్చి ఆగింది. డబ్బున్నవాళ్ల ఇళ్లు, కోర్టు, గడియారస్తంభం మెట్టమీద ఉన్నాయి. రైలుకట్టకు ఇవతల పల్లంలో మిగిలింది నాలుగొందల పన్నెండు మంది. వాళ్లకు గొప్పగా చెప్పుకోడానికి ఉన్నది ఒక్కటే, గస్ రోడర్ కట్టిన కరకట్ట.

గస్ రోడర్ ఆల్వీనా మొగుడు. నాలుగేళ్ల కిందట పోయాడు. ముప్ఫై రెండో సంవత్సరంలో మేస్త్రీగా ఉండి ఆ కట్ట కట్టించాడు. అప్పట్నుంచి ఎన్ని వరదలు వచ్చినా చుక్క నీరు లోపలికి రాలేదు. బతికున్నన్నాళ్లూ నది పెరగ్గానే కుర్చీ ఒకటి తీసుకెళ్లి ఏడో వీధి చివర కట్టమీద వేసుకుని, నది తగ్గేదాకా కదిలేవాడు కాదు. "గస్‌కు కట్టంటే కన్నకూతురు" అని ఊరు మురిసిపోయేది. మురిసిపోడానికేం, ఊరికి అసలు సంగతి తెలియదు. అతను భయంతో కూర్చునేవాడు. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసని ఆల్వీనా ముప్ఫై మూడేళ్లుగా అనుకుంటూ వచ్చింది.

ఏడో వీధి చివర వెనకటి రోజుల్లో ఒక పాయ ఉండేది. నది ఎప్పుడో వదిలేసిన దారి. ఎంత బంకమన్ను పోసినా మింగేసేది. అక్టోబరు వానలకు మెట్టమీద నుంచి మన్ను తెచ్చే బండ్లు ఇరుసుల దాకా కూరుకుపోయాయి. వసంతంలోగా కట్ట పూర్తి కాకపోతే పల్లం మునుగుతుంది. గస్ పది రోజులపాటు తెల్లవారుజామునే ఫ్యాక్టరీ వెనక నుంచి చిల్లుల చిప్పలు తోలించి, అరవై గజాల మేర ఆ పాయను నింపి, పైన మూడడుగుల మన్ను కప్పేశాడు. వచ్చే ఏడు తవ్వి బాగుచేస్తానన్నాడు. నీళ్లను ఇట్టే దిగిపోనిచ్చేది ఏదైనా మంచిదే అనుకోవడం ఈ ఊరివాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి. కరకట్టకు మాత్రం అదే చేటని గస్‌కు ఆ చలికాలంలో తట్టింది. అప్పటికే ఊరు అతణ్ణి నెత్తిన పెట్టుకుంది. నెత్తిమీద కూర్చున్నవాడు తనంతట తాను దిగడం ఎక్కడైనా చూశామా?

ఆల్వీనా గ్లాసు పట్టుకుని కట్ట ఎక్కింది. పైన కొడుకు లెరాయ్ ఇసుకబస్తాలు పేర్చే ముఠాతో ఉన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్లవాడు, ఒక్కగానొక్కడు. మెట్టమీద ఇల్లు కట్టుకున్నాడు గానీ, వరదొచ్చిందని తెలియగానే అందరికంటే ముందు కట్టమీదికి వచ్చి నిలబడ్డాడు.

"ఏంటమ్మా, శాండ్‌విచ్‌లు అప్పుడే వచ్చేశాయా? ఇవాళైనా లోపల మాంసం పెట్టారా, నిన్నట్లా వాసన చూపించి ఊరుకున్నారా?"

"ఇటు రా. నీతో పనుంది." ఆమె గ్లాసు చేతికిచ్చింది. "అడుగున చూడు."

"చిప్పముక్కలు. ఈ ఊళ్లో చిప్పముక్కలు లేనిదెక్కడ? నా భార్య కాచే కాఫీలో కూడా తేల్తాయి."

"ఇవి కట్టలోంచి వస్తున్నాయి, లెరాయ్."

ఆమె చెప్పింది. పాయ సంగతి, బండ్ల సంగతి, కుర్చీ సంగతి. గస్ ఏం చేశాడో అంతా చెప్పింది. వింటున్నకొద్దీ కొడుకు ముఖంలోంచి నవ్వు దిగిపోయింది.

"ముప్ఫై మూడేళ్లు నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చుని, ఇవాళ చెప్తున్నావా నాకు?"

"ఇవాళ నీళ్లు వస్తున్నాయి కాబట్టి."

"వీళ్లను చూడు." అతను బస్తాలు మోస్తున్నవాళ్లవైపు చెయ్యి చూపించాడు. "పది రోజులుగా కంటిమీద కునుకు లేకుండా మోస్తున్నారు. దేన్ని చూసుకుని? ఇది గస్ కట్ట అని. నువ్విప్పుడెళ్లి అది ఒట్టి డొల్ల అని చెప్పు, ఎవడు నిలబడతాడో చూద్దాం. ఏడో వీధి దగ్గర ఇంకో రెండు వరసలు వేయిస్తాలే. ఇంటికెళ్లి పడుకో."

"పైన ఎన్ని వరసలేస్తే ఏం? వచ్చేది కిందనుంచి."

"అమ్మా, నీకు దండం పెడతా. ఆయన పోయాడు. పోయినవాణ్ణి వదిలెయ్."

ఆల్వీనా కట్ట దిగి వచ్చింది. కాళ్లు ఇంటివైపు పోతామన్నాయి. నిజం చెప్పాలంటే ఆమె మనసూ అటే పోతానంది. గస్ పేరు తప్ప ఆ కుటుంబానికి మిగిలిన ఆస్తి లేదు. ఆ పేరు పోతే కొడుకు కూడా పోతాడేమోనని ఆమె భయం. ఇటు చూస్తే మూడో వీధిలో ఆడవాళ్లు దండేలమీద దుప్పట్లు ఆరేస్తున్నారు. భయమున్నవాళ్లు ఊరు వదలొచ్చని వారం కిందటే చెప్పినా ఒక్కరూ కదల్లేదు. గస్ కట్ట వెనకాల ఉన్నవాళ్లకు భయమేమిటన్నారు. మింగలేక కక్కలేక ఆమె వీధి మధ్యన కాసేపు నిలబడి, చివరికి ఇంజనీరు గుడారంవైపు నడిచింది.

ఇంజనీరు డ్వైట్ ప్రూయెట్ పైఊరి మనిషి, వచ్చి మూడేళ్లు కాలేదు. ఆమె చెప్పిందంతా పెన్సిలు కొరుకుతూ విని, పటం తీసి బల్లమీద పరిచాడు.

"ఇక్కడ పొడుగునా బంకమన్ను అని రాసి ఉందండీ అమ్మగారూ."

"ఆ రాసింది మా ఆయనే కదా, ఇంజనీరు బాబూ."

"కాగితం మీదున్నది కాదని, మీ మాటమీద నాలుగొందల మందిని ఇళ్లలోంచి లేపమంటారా?"

"నా మాట వద్దు. ఇనుప ఊచ దించి చూడండి. మన్నయితే చప్పుడుండదు."

ఇంతలో లెరాయ్ వచ్చాడు. తల్లి ఇటు వచ్చిందని ఎవరో చెప్పినట్టున్నారు. "మా అమ్మకు మూడ్రోజులుగా నిద్ర లేదండీ. ఊచేదో ఇటివ్వండి, నేనే దించుతా. ఈ గొడవ ఇక్కడితో తేలిపోతుంది" అన్నాడు.

ముగ్గురూ ఏడో వీధి చివరికి వెళ్లారు. లెరాయ్ కట్ట వెనకవాలు మీద ఊచ నిలబెట్టి బరువంతా మోపాడు. మూడడుగులు చప్పుడు లేకుండా దిగింది. అతను తల్లివైపు చూశాడు. ఇంకోసారి మోపాడు. లోపల కరుక్కుమంది. చిన్న చప్పుడే. కానీ పల్లంలో పుట్టినవాడికి ఆ చప్పుడు అరికాళ్లలోనే ఉంటుంది. అతను ఊచ పెరికి పది అడుగులు జరిగి మళ్లీ దించాడు. కరుక్కుమంది. మూడోసారి దించాక ఊచను అక్కడే వదిలేసి, బురదలో గొంతుక్కూర్చుని రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నీళ్లను రైలుకట్ట దగ్గర ఆపాలి" అన్నాడు ప్రూయెట్. "పల్లం వదులుకోవాలి. నాలుగో వీధి రైలుకట్ట కింద దూరే చోటు మూసేస్తే మెట్ట దక్కుతుంది. రేపు మధ్యాహ్నానికి ఇక్కడ పిల్లి కూడా ఉండకూడదు."

లెరాయ్ లేచాడు. "ఆ దారి మూసే పని నాది" అని ఇంజనీరుతో చెప్పి వెళ్లిపోయాడు. తల్లివైపు చూడలేదు.

పోలీసులు మైకు పెట్టుకుని వీధి వీధీ తిరిగారు. జనం వాకిళ్లలోకి వచ్చి చూసి మళ్లీ లోపలికి పోయారు. ఒకాయన వరండాలో పైపు వెలిగించుకుంటూ, "మెట్టవాళ్లు ఊరికే కంగారు పడతార్లే. గస్ ఉంటే వీళ్లను కట్టమీంచి తరిమేసేవాడు" అన్నాడట. సాయంత్రం కాకముందే ప్రూయెట్ ఆల్వీనా ఇంటికి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు.

"మా మాట వినడం లేదండీ. వాళ్లకు ఆయన మీద గురి. అది మీరు తప్ప ఇంకెవరూ..." అని ఆగిపోయాడు.

ఆల్వీనా కోటు తొడుక్కుంది.

నిజం ఒకసారి చెబితే చాలనుకుంటాం. ఆమె గుమ్మం గుమ్మానికీ చెప్పాల్సి వచ్చింది. "నా మొగుడు మన్ను పోయలేదు, చిప్పలు పోశాడు. కట్ట డొల్ల. లేచి పొండి." మొదటి ఇంట్లో ముసలాయన, "మతి పోయిందే నీకు" అని తలుపేసుకున్నాడు. రెండో ఇంట్లో నవ్వారు. నాలుగో ఇంటి పడుచుపిల్ల చంటివాణ్ణి చంకనెత్తుకుని వచ్చి, "మా వాడికి ఆయన పేరే పెట్టుకున్నామండీ" అంది. అని ఏడ్చింది. ఏడుస్తూనే పరుపు చుట్టడం మొదలుపెట్టింది. మిగతావాళ్లలో ముప్పాతికమంది కదల్లేదు. మొగుడు పోయాక పెళ్లాం అక్కసు వెళ్లగక్కుతోంది అనుకున్నట్టున్నారు.

తొమ్మిదో గుమ్మం ఓపల్ డెమింగ్‌ది. ఆల్వీనాకు పక్కిల్లే. ఆమే విధవరాలు. ముప్ఫై అయిదేళ్లుగా ఇద్దరూ కంచె మీంచి ఉప్పూ పంచదారా అందించుకున్నవాళ్లు. అందుకే ఆల్వీనా ఆ గుమ్మాన్ని వెనక్కు నెట్టుకుంటూ వచ్చింది.

"రావే రా" అంది ఓపల్ బంగాళాదుంపలు చెక్కుతూ. "ఎలక్షన్లో నిలబడ్డట్టు ఇల్లిల్లూ తిరుగుతున్నావట. ఓటు వేస్తాలే, కూర్చో."

"ఓపల్, సామాను సర్దు. గస్ ఆ కట్టలో..."

"చిప్పలు పోశాడు. తెలుసు."

ఆల్వీనా ఒక అడుగు ముందుకు వేసి ఆమె ముఖంలోకి చూసింది.

"అలా చూస్తావేం? మా వర్న్ రెండో బండి తోలాడుగా. ఎవరికీ చెప్పనని గస్‌కు ఒట్టయితే పెట్టాడు గానీ, నిద్రలో వాగే మొగుణ్ణి కట్టుకున్న దానికి తెలియని గుట్టు ఏముంటుంది?"

"తెలిసీ ఇక్కడే కూర్చున్నావా? పది రోజులుగా?"

ఓపల్ కత్తి కింద పెట్టింది. "నిన్ను చూసేనే. రోజూ పొద్దున లేవగానే నీ వంటింటి కిటికీ చూస్తా. దీపం ఉంటుంది. ఆల్వీనాకు నాకంటే ఎక్కువ తెలుసు, మొదటి బండి తోలిందే ఆవిడ, ఆవిడే కదలకుండా ఉందంటే పర్వాలేదులే అనుకుంటా. పడుకునేముందూ అంతే. నువ్వున్నావని నేనున్నా."

ఇన్నేళ్లూ ఆల్వీనా అది గస్ తప్పు అనుకుంది. తాను ఆ తప్పును మోస్తున్న దాన్ననుకుంది. మోసినందుకు తనమీద తనకు కొంచెం జాలి కూడా ఉండేది. ఓపల్ మాటతో ఆ జాలి కాస్తా పోయింది. తాను దీపం వెలిగించుకుని ఊరుకున్నందుకు ఈ మనిషి చచ్చిపోయేది. ఈమెలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో.

"సర్దుకో" అంది. "ఏమనాలో తర్వాత అందువుగాని. ముందు సర్దుకో."

పదో గుమ్మం నుంచి మాట మారింది. "మేం చిప్పలు పోశాం. మొదటి బండి తోలింది నేనే. ముప్ఫై మూడేళ్లు తెలిసి దాచాను. లేచి పొండి." అలా చెప్పడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. తిట్లు కూడా అప్పట్నుంచే మొదలయ్యాయి. ఒకాయన ఆమె కాళ్లముందు ఉమ్మేశాడు. చిన్నప్పుడు ఆమెతో కలిసి చిప్పలు ఏరిన మనిషి, "నా పిల్లల్ని ఆ కట్టకింద పెంచాను కదే" అని గట్టిగా అరిచింది. అయితే తిట్టినవాళ్లంతా కదిలారు. మొగుడిమీద చెప్పుకునేదాన్ని అనుమానించొచ్చు, తనమీద తాను చెప్పుకునేదాన్ని ఎవరనుమానిస్తారు? ముందు తలుపేసుకున్న ఇళ్లకు కూడా ఆమె మళ్లీ వెళ్లి కొత్తమాట చెప్పింది. బుధవారం పొద్దున పదకొండింటికి నూట ముప్ఫై ఒకటో ఇల్లు ఖాళీ అయ్యేసరికి ఆమెకు గొంతు లేదు. గాలి మాత్రం వస్తోంది.

మధ్యాహ్నం మూడింటికి కట్ట పోయింది. రైలుకట్ట మీద నిలబడి ఊరంతా చూసింది. పెద్ద చప్పుడేం కాలేదు. ఏడో వీధి చివర కట్ట నిలువునా కిందికి కూర్చుంది, ఆ సందులోంచి గోధుమరంగు నీళ్లు వచ్చాయి, వస్తూ వస్తూ సందును గండి చేసుకున్నాయి. ఇరవై నిమిషాల్లో పల్లంలో ఒక్క వీధీ మిగల్లేదు. ఆల్వీనా ఇల్లు పునాది మీంచి లేచి, ఓపల్ ఇంటికి ఆనుకుని, రెండూ కలిసి పక్కకు ఒరిగాయి. నాలుగో వీధి దారిలో లెరాయ్ ముఠా పేర్చిన బస్తాలు నిలబడ్డాయి. మగవాళ్లు టోపీలు తీసి పట్టుకున్నారు, శవయాత్ర పోతున్నప్పుడు తీసినట్టు.

పల్లంవాళ్లనందరినీ మెట్టమీది హైస్కూలు ఆటలహాల్లో చేర్చారు. సాయంత్రం హెడ్మాస్టరు కాగితం పట్టుకుని ఇంటింటి పేరూ పిలిచాడు. పిలిచినవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పారు. చివర్లో ఆయన కూడి, మళ్లీ కూడి, "నాలుగొందల పన్నెండు" అన్నాడు. అని కాసేపు కాగితంతో ముఖం దాచుకున్నాడు. హాల్లో కొందరు ఏడ్చారు. ఆల్వీనా పక్కన ఎవరూ కూర్చోలేదు, ఒక్క ఓపల్ తప్ప. ఓపల్ ఇంట్లోంచి తెచ్చుకున్నది ఇనుపపెనం ఒక్కటే. అది ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నిన్నటి నుంచి ఆల్వీనాతో పట్టుమని పది మాటలు ఆడలేదు, అలాగని లేచీ పోలేదు.

చీకటి పడేముందు లెరాయ్ వచ్చాడు. తొడల దాకా బురద. తల్లిని వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మొదటి బండి నువ్వే తోలావట. ఊరంతా అదే మాట."

ఆల్వీనా తలూపింది.

"నాతో చెప్పినప్పుడు నాన్న అన్నావు."

"అప్పటికి అంతే చెప్పగలిగాను" అంది ఆమె. వినబడాలని అతను వంగాల్సి వచ్చింది.

అతను తన అరచేతులు చూసుకున్నాడు. గోనెపట్ట రాసుకుని చర్మం లేచిపోయి ఉంది. "ఆ పది రోజులూ నేనెక్కడున్నా? నాకప్పుడు ఐదేళ్లుంటాయి కదా?"

ఆ బండి ఆల్వీనా కళ్లముందుకొచ్చింది. ఐదేళ్లవాణ్ణి ఇంట్లో ఒంటరిగా వదల్లేక దుప్పటి చుట్టి, చిప్పల పైన కూర్చోబెట్టి తీసుకెళ్లేది. మూడోరోజుకల్లా వాడికి అది ఆటైపోయింది. రెండు చేతులా చిప్పలెత్తి పాయలోకి విసిరేవాడు, బుడుంగుమంటే కేరింతలు కొట్టేవాడు. ఆఖరి రోజు ఇంక వెయ్యడానికేమీ లేదంటే ఒకటే ఏడుపు. గస్ నవ్వి, ఎక్కణ్ణుంచో ఒక చిప్ప వెతికి తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇది నువ్వెయ్యి. దీంతో కట్ట నీదే" అన్నాడు. వాడు వేశాడు.

కొడుకు ఇంకా జవాబు కోసం వంగే ఉన్నాడు.

"ఓపల్ వాళ్లింట్లో నిద్రపోయేవాడివి" అంది ఆల్వీనా. "నీకేమీ తెలియదు."

లెరాయ్ ఓపల్‌వైపు చూశాడు. ఓపల్ ఆల్వీనా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, ఒళ్లోని పెనాన్ని అటుతిప్పి ఇటుతిప్పింది.

"నిద్రా అది? రాత్రంతా గాడిదలా తన్నేవాడివి" అంది. "నా మంచి దుప్పటి ఒకటి చింపేశావు కూడా."

లెరాయ్ తల్లి పక్కన నేలమీద కూర్చున్నాడు.